కళింగపట్నం తీరంలో గ్రీకు పురాణ సాహస నవల: పన్నెండేళ్ల నాయికను నిలబెట్టడం ఎలా?

తీరం_కథలు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసం తెలుగులో ఒక సాహస నవల రాస్తున్నాను. ఆధారం గ్రీకు పురాణాలు, చోటు కళింగపట్నం దగ్గర ఒక మత్స్యకారుల ఊరు. నాయిక పన్నెండేళ్ల పిల్ల. ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. తండ్రి గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్లాడు. ఇప్పుడున్న ప్రణాళికలో ఆమె అసలు సముద్ర దేవుడు పోసైడన్ కూతురు. నాలుగో అధ్యాయానికల్లా అలల్ని ఆపగలదు, నీళ్ల అడుగున ఊపిరి పీల్చగలదు.

అక్కడి నుంచి కథ కదలడం లేదు. సముద్రం ఒడ్డున సముద్రాన్నే ఆడించే పిల్లకి ఏ రాక్షసుడు ఎదురొచ్చినా అరపేజీలో పని ముగుస్తుంది. రెండో ఇబ్బంది, తండ్రి ఉండగా పిల్ల దేవుడికి పుట్టిందంటే తల్లి సంగతేమిటన్న ప్రశ్న. చదివే పిల్లలకి రాకపోయినా కొనిచ్చే పెద్దలకి వస్తుంది. మూడోది, గ్రీకు దేవతలు ఇంత దూరం ఎందుకొచ్చారు? అరసవల్లి, శ్రీముఖలింగం లాంటి గుళ్లున్న జిల్లాలో వాళ్లకేం పని? ఆఖరుది, పుస్తకం ఎంత నిడివి ఉండాలి, మన యాస ఎంతవరకు వాడొచ్చు?

గ్రీకు దేవుడి కొడుకు సాహసాలు చెప్పే ఇంగ్లిష్ పెర్సీ జాక్సన్ పుస్తకాలు చదివిన పిల్లలు మన దగ్గరా ఉన్నారు. వాళ్లకి ఇది నకలు అనిపించకూడదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.


బొబ్బిలి_పాఠకుడు

మీ మొదటి రెండు ఇబ్బందులకీ మందు ఒకటే. పోసైడన్‌ని తీసేయండి. పుట్టుకతో వచ్చిన శక్తికి పిల్ల ఏమీ చెల్లించక్కర్లేదు కాబట్టే మీ కథ నాలుగో అధ్యాయంలో ఆగింది.

గ్రీకు వీరుడు పెర్సియస్ కథ అపొల్లోడోరస్ పేరు మీద ఉన్న పురాణ గ్రంథంలో ఎలా నడుస్తుందో గమనించండి. అతను దేవతల రాజు జియస్ కొడుకే, కానీ చూసినవాళ్లని రాయిగా మార్చే మెడూసా తల నరకడానికి వెళ్లేటప్పుడు ఆ పుట్టుక నేరుగా ఏ పనికీ రాదు. పనికొచ్చినవన్నీ అరువు సరుకులే. రెక్కల చెప్పులు, తల వేసుకునే సంచి, మనిషిని కనబడకుండా చేసే పాతాళ దేవుడు హేడిస్ టోపీ అప్సరసల దగ్గరున్నాయి. కొడవలి దేవతల దూత హెర్మిస్ ఇచ్చాడు. నరికే వేళ ఎథీనా దేవత అతని చేతిని నడిపించింది, అతను కంచు డాలులో ప్రతిబింబాన్ని చూస్తూ వేటు వేశాడు. ఆ అప్సరసలు ఎక్కడుంటారో తెలుసుకోవడానికి ముగ్గురికీ కలిపి ఒకే కన్ను, ఒకే పన్ను ఉన్న ముసలి అక్కచెల్లెళ్ల దగ్గరికి వెళ్లి, ఆ కన్నూ పన్నూ లాక్కుని బేరం పెట్టాడు. అంతా అయ్యాక చెప్పులు, సంచి, టోపీ తిరిగి అప్పజెప్పాడు, మెడూసా తల ఎథీనాకి ఇచ్చాడు. ప్రతి వస్తువుకీ ఇచ్చినవాళ్లున్నారు, వాడే పద్ధతి ఉంది, తిరిగివ్వాల్సిన రోజుంది. నాయకుడు కుర్రవాడైనా కథ బలంగా ఉండడానికి కారణం ఇదే.

మీ పిల్లకి అరువిచ్చే దేవత ఒకావిడ సరిగ్గా సరిపోతుంది. ఆమె ల్యూకోథియా. ఒకప్పుడు మామూలు మనిషి, ఇనో అనే రాజకుమారి. బిడ్డతో సహా సముద్రంలో దూకి, మునిగిపోయేవాళ్లని కాపాడే దేవత అయింది. హోమర్ కావ్యం ఒడిస్సీ ఐదో సర్గలో నాయకుడు ఒడిస్యూస్ తెప్ప విరిగినప్పుడు తన మేలిముసుగు ఇస్తుంది. దాన్ని రొమ్ము కింద కట్టుకోవాలి. కట్టుకున్నంతసేపు చావు భయం లేదు. నేల తాకగానే విప్పి సముద్రంలోకి విసిరేయాలి, విసిరేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకోవాలి.

ఇది పిల్ల చేతికొస్తే ఏమవుతుందో చూడండి. ఆమె అలల్ని ఆపలేదు. మునగదు, అంతే. మునగని పిల్లకి దాహం వేస్తుంది, ఎండ మాడుస్తుంది, చలి పుడుతుంది, ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. పైగా ఒడ్డెక్కితే ముసుగు పోతుంది. పన్నెండో అధ్యాయంలో తమ్ముడు ఒడ్డున చిక్కుల్లో పడ్డాడనుకోండి. పది బారల దూరంలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూస్తోంది. ఒక్క అడుగు వేస్తే తమ్ముడు దక్కుతాడు, ముసుగు దక్కదు, ముసుగు లేకపోతే తండ్రి కోసం తలపెట్టిన పని అక్కడితో సరి. అలాంటి చోటు మీకు రెండుసార్లు దొరికితే నవల నిలబడుతుంది.

తల్లి సంగతీ దీంతో తేలిపోయింది, పిల్ల ఎవరి బిడ్డో మార్చక్కర్లేదు. దేవుడి బిడ్డ అన్నది మనవాళ్లకి కొత్తేం కాదు. కుంతి కర్ణుణ్ణి పెట్టెలో పెట్టి నదిలో వదిలింది, పెర్సియస్ తల్లి డానయీని కొడుకుతో సహా పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలారు. కానీ అక్కడ కథ మోసేది తల్లి బాధని. ఏడో తరగతి పిల్లల సాహస కథలో ఆ బరువుని పక్కన పెట్టి ముందుకి పరిగెత్తడం ఆ తల్లికి అన్యాయం.

ఇక నకలు మాట. రిక్ రియోర్డన్ 2005లో మొదటి పుస్తకంతో పన్నెండేళ్ల పెర్సీని తెచ్చినప్పుడు పెట్టిన నియమాలన్నీ కథలో కన్నాలు పూడ్చడానికే. పెద్దవాళ్లకి రాక్షసులు ఎందుకు కనబడరు? మధ్యలో ఒక పొగమంచు లాంటి తెర ఉంది. ఫోన్ చేసి అమ్మని పిలవొచ్చుగా? ఫోన్ వాడితే రాక్షసులు పసిగడతారు. దేవుళ్లే వచ్చి చేసుకోవచ్చుగా? పాత చట్టాలు ఒప్పుకోవు. పిల్లాడు కత్తి పట్టుకుని తిరిగితే ఎవరూ అడగరా? అది పెన్నులా ఉంటుంది, పోయినా జేబులోకి తిరిగొస్తుంది. ఈ జవాబులు ఆయన సొంతం, వాటిని ముట్టుకోవద్దు. పిల్లల శిబిరం, తల మీద వెలిగే దేవుడి గుర్తు, చచ్చిన రాక్షసులు దుమ్మై మళ్లీ పుట్టడం కూడా ఆయనవే. గుర్రం ఒంటి గురువు కైరన్ మాత్రం పాతవాడు. పాత కథల్లో అకిలీస్, జేసన్ అనే వీరులకి చదువు చెప్పాడు, ఎవరైనా వాడుకోవచ్చు.

ఆ ప్రశ్నలు మాత్రం మీకూ తప్పవు. జవాబులు మీ తీరంలోనే దొరుకుతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. మోటారు లేని తెప్పలకి వర్తించదు. బడికి సెలవులు కూడా దాదాపు అప్పుడే. అంటే సముద్రం మీద బోట్లు లేవు, చూసే పెద్దలు లేరు, పిల్లలు ఖాళీగా ఉన్నారు, తెప్ప ఒక్కటే మిగిలింది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి వెరావల్ వెళ్లినవాళ్లు అప్పటికైనా ఇల్లు చేరాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 1కి 47 రోజులు. తండ్రి రావాల్సిన రోజే కథకి గడువు. తెర లేకుండా, మాయ లేకుండా సగం కన్నాలు పూడిపోయాయి.


పొందూరు_నూలు

పైన చెప్పిన అరువు సరుకుల పద్ధతికి మన జిల్లా వస్తువులు రెండు బాగా కుదురుతాయి. రాసేటప్పుడు కొలతలు మాత్రం తప్పకూడదు, ఇక్కడి పిల్లలకి ఇవి కళ్లెదురుగా ఉన్నవి.

మొదటిది అరియాడ్నీ దారం. చిక్కుదారుల కోటలోకి థీసియస్ అనే వీరుడు వెళ్లేటప్పుడు, దారి తప్పకుండా ఆమె ఇచ్చిన నూలు ఉండ. మీ కథలో చిక్కుదారి ఉద్దానం జీడితోటలు కావచ్చు. ఇసక నేల, ఏ బాట చూసినా ఒకేలా, కొమ్మలు నేల దాకా వంగి ఉంటాయి. అక్కడికి పొందూరు నూలు తీసుకెళ్లండి. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో వడికే నూలది. నూరో కౌంటు (చాలా సన్న రకం) నూలు కిలోమీటరు పొడవు ఆరు గ్రాములకి లోపే తూగుతుంది. రెండు కిలోమీటర్లకి పన్నెండు గ్రాములు, పిల్ల గుప్పిట్లో పడుతుంది. చదివే పిల్లలు నోరు తెరిచే వివరం ఇది, మాయ అక్కర్లేదు.

కానీ దానికి బలహీనతలున్నాయి, కథ వాటిలోనే ఉంది. సన్న నూలు జీడి కొమ్మకి తగిలి లాగితే పుటుక్కున తెగుతుంది. వదులైతే పురి తనమీద తనే మెలిపడి ముడివేసుకుంటుంది. చిలప (నూలు చుట్ట) అలాగే చేత్తో పట్టుకుని పరిగెత్తితే నాలుగు బారలకే చిక్కుపడుతుంది, ముందు గొట్టానికి చుట్టుకోవాలి. చుట్టిన గొట్టాన్ని కదలకుండా పట్టుకుని, దాని కొన వైపు నుంచి నూలు జారేలా చేస్తే పోగు తెగదు. గొట్టమే తిరగాలంటే ప్రతి కుదుపుకీ నూలు మీద లాగుడు పడుతుంది. ఈ తేడా తెలిసిన స్నేహితురాలు ఒకతె జట్టులో ఉండాలి. ఆమెకి వేరే శక్తి ఏమీ అక్కర్లేదు. జీడిపిక్క తొక్కలోని జిడ్డు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుందన్నదీ మర్చిపోకండి, చీకట్లో చేతులతో తడుముకుంటూ వచ్చేవాళ్లకి అది రాక్షసుడికి తక్కువేం కాదు.

రెండోది కంచు. గ్రీకు వీరుల కత్తి అనగానే కంచు అంటారు, బుడితిలో కంచు పని ఉంది కాబట్టి అక్కడ కత్తి చేయించేద్దాం అనిపిస్తుంది. అలా రాయకండి. కత్తికి పనికొచ్చే కంచులో తగరం నూటికి పది పాళ్ల చుట్టూ ఉంటుంది. మోగే కంచులో ఇరవై, ఇరవై రెండు దాకా ఉంటుంది. తగరం పెరిగేకొద్దీ నాదం పెరుగుతుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. బండ మీద పడితే పగులుతుంది. గంట లోహంతో చేసిన కత్తి మొదటి దెబ్బకే ముక్కలవుతుంది.

మోగే వస్తువు చేయించండి. హెరాక్లిస్ అనే వీరుడు స్టింఫేలస్ సరస్సు రాక్షస పక్షుల్ని బాణాలతో లేపలేకపోతే, దేవతల కమ్మరి హెఫైస్టస్ చేసిన కంచు చిడతలు ఎథీనా తెచ్చి ఇచ్చింది. వాటి మోతకి పక్షులు లేచాయి, అప్పుడు కొట్టాడు. మన తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్నీ కొంగల్నీ ఊరివాళ్లు చుట్టాల్లా చూసుకుంటారు, ఎవర్నీ కొట్టనివ్వరు. చిడతలు చేతిలో ఉన్న పిల్ల ఆ ఊరికి వెళ్తే ఎవరి పక్షాన నిలబడాలి? రాక్షస పక్షి ఒక్కటే ఆ గుంపులో కలిసిపోయి ఉంటే మోత పెట్టకుండా దాన్ని ఎలా పట్టాలి? హెరాక్లిస్ చేసిన పని ఇక్కడ చెయ్యకూడనిది అవుతుంది. పాత కథని తిరగేయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. ఒకటి చూసుకోండి, ఆ పక్షులు వేసవి ముదిరేలోపే వెళ్లిపోతాయి కాబట్టి ఈ ఘట్టం ఏప్రిల్ మొదట్లోనే, నిషేధానికి ముందే అయిపోవాలి.


గంటస్తంభం_సెంటర్ (విజయనగరం)

వస్తువుల వరకు బాగుంది. గుళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అని నా మనవి. అరసవల్లి సూర్యనారాయణస్వామి పక్కన గ్రీకు సూర్యుణ్ణి నిలబెట్టి ఎవరు గొప్ప అన్న పోలిక ఒక్క వాక్యంలో వచ్చినా పుస్తకం ఏ బడి లైబ్రరీలోకీ పోదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను మీద పోరాటం పెడదామని కొందరికి అనిపిస్తుంది, ఎత్తైన మాను, కింద జనసముద్రం, దృశ్యం బాగుంటుంది. కానీ అది ఇప్పటికీ జరిగే పూజ, పూజారి ప్రాణం మీద నమ్మకంతో ఎక్కే మాను. కథకి వేదిక చెయ్యొద్దు. ఎలాగూ అది దసరా తర్వాత వచ్చే మంగళవారం, మీ వేసవి కథలో ఇమడదు.


బొబ్బిలి_పాఠకుడు

గంటస్తంభం గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. గుడిని పూర్తిగా వదిలేస్తే ఈ నేల ఖాళీ నేల అన్నట్టు అవుతుంది, అదీ సరికాదు. గ్రీకుల దగ్గరే దీనికి నియమం ఉంది, అతిథి ధర్మం. దాన్ని కాపాడేవాడు జియస్సే. ఇంటికొచ్చినవాడికి తిండి పెట్టాకే పేరు అడగాలి, వచ్చినవాడు ఆ ఇంటి సొత్తు ముట్టకూడదు. ట్రాయ్ రాకుమారుడు పారిస్ అతిథిగా వెళ్లి, స్పార్టా రాజు మెనెలాస్ భార్యని తీసుకుపోయి ఆ ధర్మం తప్పాడు కాబట్టే ట్రాయ్ యుద్ధం.

కాబట్టి ఈ తీరంలో గ్రీకు దేవతలు అతిథులు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా వేలు కదపకూడదు. దేవుళ్లే వచ్చి పని చేసుకోవచ్చుగా అన్న ప్రశ్నకి ఇదే జవాబు. అతిథి చెయ్యకూడని పని ఈ ఊరి పిల్ల చెయ్యొచ్చు, ఎందుకంటే ఇల్లు ఆమెది. ల్యూకోథియా పిల్లని వెతుక్కుంటూ రావడానికి అదే కారణం. ఇక్కడి దేవుళ్లు కథలో కనబడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. గుడి గంట వినబడగానే అంత పెద్ద సముద్ర దేవతా తలవంచి ఆగుతుంది, అంతవరకు చాలు.

ఒక దేవుడు ఏళ్ల తరబడి ఎందుకు రాలేదని చెప్పాల్సి వస్తే పాత గ్రీకు కవి హెసియడ్‌లో లెక్క ఉంది. పాతాళంలోని స్టిక్స్ నది మీద ఒట్టేసి తప్పిన దేవుడు ఒక ఏడాది ఊపిరి, మాట లేకుండా పడి ఉంటాడు. తర్వాత తొమ్మిదేళ్లు దేవతల సభకీ విందుకీ రానివ్వరు. మీ పిల్లకి రెండేళ్లప్పుడు ఎవరో ఒట్టు తప్పారనుకుంటే, పన్నెండేళ్లు వచ్చేసరికి వాళ్ల శిక్ష పూర్తవుతుంది.


శిలాక్షరం

గ్రీకులు ఇక్కడికి ఎందుకొచ్చారన్న ప్రశ్నకి చరిత్రలో గట్టి ఆధారమే ఉంది, అల్లక్కర్లేదు. అశోకుడి పదమూడో శిలాశాసనం కళింగ యుద్ధం గురించి చెబుతుంది. లక్షమంది చనిపోయారు, లక్షా యాభై వేలమందిని తరలించారు. అదే శాసనం ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెబుతుంది. అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర. అంటే కళింగ, గ్రీకు లోకం ఒకే రాతి మీద పక్కపక్కన ఉన్నాయి.

ఇంకా విశేషం రెండున్నాయి. 1963లో కాందహార్‌లో దొరికిన రాతిపలక మీద ఆ శాసనం మొదటి భాగం గ్రీకు భాషలోనే ఉంది. కళింగలో పోయిన ప్రాణాల లెక్క గ్రీకు అక్షరాల్లో చెక్కి ఉంది. ఇటు కళింగ నేల మీదున్న ధౌలి, జౌగడ రాళ్ల మీద మాత్రం పదకొండు నుంచి పదమూడు వరకు శాసనాలు చెక్కలేదు, వాటి బదులు ఈ ప్రాంతానికని వేరే రెండు శాసనాలు పెట్టారు. దెబ్బ తిన్న ఊళ్లకి ఆ పశ్చాత్తాపం వినిపించలేదు, దూరాన ఉన్న గ్రీకులకి వినిపించింది.

నవలకి కావాల్సిన కారణం ఇందులో ఉంది. ఇక్కడి జనానికి చేరాల్సిన మాట ఒకటి గ్రీకుల దగ్గర ఉండిపోయింది, దాన్ని చేర్చడానికి వాళ్ల దేవత వచ్చింది. తరలించినవాళ్లలో తీరం వాళ్లూ ఉండే ఉంటారని కథకుడిగా మీరు ఊహించొచ్చు. పని కోసం దూర తీరానికి వెళ్లిన ఇప్పటి తండ్రికీ దానికీ మధ్య లంకె మీరు చెప్పకుండానే పిల్లలకి అందుతుంది. ఘట్టం జరిగే చోటు శాలిహుండం కొండ అయితే బాగుంటుంది. వంశధార ఒడ్డున, కళింగపట్నానికి దగ్గర్లోనే ఉంది, పైన బౌద్ధ స్తూపాల ఇటుక కట్టడాలున్నాయి, అక్కడి నుంచి నది కనబడుతుంది. కానీ అక్కడ గ్రీకు శాసనం దొరికినట్టు రాయకండి. ఊహకీ చరిత్రకీ మధ్య గీత పుస్తకం చివర ఒక పేజీలో స్పష్టంగా గీయండి, పిల్లలు నవలలో చదివింది పరీక్షలో రాసేస్తారు.


తీరం_కథలు

అందరికీ ధన్యవాదాలు. పోసైడన్‌ని తీసేశాను, ల్యూకోథియా వచ్చింది. ఇప్పుడు రెండు సందేహాలు. తండ్రి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి సముద్రపు ముసలివాడు ప్రోటియస్‌ని పట్టుకునే ఘట్టం పెట్టాలనుంది, కానీ అతను సీల్ జంతువుల కాపరి, మన దగ్గర అవి లేవు. రెండోది, జోస్యం. గ్రీకు కథ అంటే జోస్యం ఉండాలిగా, ఎలా రాయాలి?


బారువ_ఇసక

సీల్ బదులు తాబేలు. బారువ నుంచి తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ, ఒక్కో గుంతలో నూరు గుడ్ల పైనే, 45 నుంచి 55 రోజుల్లో పిల్లలవుతాయి. మార్చి మధ్యలో పెట్టినవి మే మొదటి వారంలో బయటికొస్తాయి. మీ గడువు లోపలే.

ఒడిస్సీ నాలుగో సర్గలో ప్రోటియస్ మధ్యాహ్నం ఒడ్డుకొచ్చి సీల్స్‌ని లెక్కపెట్టి మధ్యలో పడుకుంటాడు. మెనెలాస్, మరో ముగ్గురు సీల్ చర్మాలు కప్పుకుని ఆ లెక్కలో కలిసిపోతారు. తాబేలు పిల్లలు గుంతలోంచి వచ్చేది రాత్రి, ఇసక చల్లబడ్డాక. కాబట్టి మధ్యాహ్నాన్ని రాత్రికి మార్చక తప్పదు. మీ కథలోని పిల్లలు ఇసకలో గుంత తీసి తడి వల కప్పుకుని పడుకోవచ్చు. అక్కడ మెనెలాస్‌కి చర్మాల కంపు భరించలేక ప్రోటియస్ కూతురు ముక్కు దగ్గర అమృతం పెట్టాల్సి వచ్చింది. ఎండుచేపల కళ్లం పక్కన పెరిగిన మీ పిల్లలకి ఆ అవసరం లేదు, రాజుకి కష్టమైంది వాళ్లకి అలవాటే.

ఇంకో వివరం వాడుకోండి. తాబేలు పిల్లలు వెలుతురున్న దిక్కుకి పాకుతాయి, మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. ఊరి వైపు లైటు వెలిగితే దారి తప్పి అటు పోతాయి. పిల్లల్లో ఒకడు భయపడి టార్చి వేశాడనుకోండి. లెక్క చెడుతుంది, ప్రోటియస్ లేస్తాడు, నూరు తాబేలు పిల్లలు రోడ్డు వైపు తిరుగుతాయి. ముసలివాణ్ణి పట్టుకోవాలా, తాబేలు పిల్లల్ని తిప్పాలా? ఆ ఒక్క పొరపాటు మీద రెండు అధ్యాయాలు నడుస్తాయి.

పట్టుకున్నాక అతను సింహం, పాము, చిరుత, పంది, నీరు, చెట్టు అవుతాడు. ఆరూ పెడితే ఊరేగింపులా ఉంటుంది. నాలుగు చాలు, నీరు మాత్రం తప్పకుండా ఉంచండి. నీటిని చేత్తో ఎలా పట్టుకోవాలి? పొందూరు_నూలు గారు చెప్పిన బుడితి కంచుతో చేసిన గిన్నె ఒకటి అక్కడికి తెచ్చి ఉంచండి. గిన్నెలో పడితే దక్కాడు. కిందపడితే పగులుతుందని ముందే రెండు అధ్యాయాల వెనక చెప్పి ఉంచాలి, అప్పుడే చదివేవాడి గుండె ఆ గిన్నె అంచు మీద ఉంటుంది.


ఏడో_తరగతి_టీచర్

నిడివి, భాష, జోస్యం గురించి చెబుతాను.

25 వేల పదాలు పెట్టుకోండి, ఇరవై అధ్యాయాలు, ఒక్కోటి 1,250 పదాలు. డెమ్మీ (మామూలు నవల) సైజులో 14 పాయింట్ అక్షరాలతో పేజీకి 225 పదాలు పడితే 111 పేజీలు. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలైతే సగటున అరపేజీ ఖాళీ పోతుంది, అవి పది. లోపలి అట్ట, ముందుమాట, చివరి చరిత్ర పేజీ, నాలుగు బొమ్మలు కలిపి ఏడు. మొత్తం 128, అంటే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఎనిమిది. తొమ్మిదో ఫారంలోకి నాలుగు పేజీలు జారితే మిగతా పన్నెండు పేజీల కాగితానికీ డబ్బు కట్టాలి, కాబట్టి నిడివి రాసే ముందే తేల్చుకోవాలి.

ఇలాంటి నవలలు పాడయ్యేది ఎక్కువగా మూడో అధ్యాయంలో. అక్కడ ఒక పెద్దాయన కూర్చుని టైటన్లనే పాత దేవతల నుంచి ట్రాయ్ దాకా చెప్పేస్తాడు, పిల్లలు పేజీలు తిప్పేస్తారు. అధ్యాయానికి కొత్త గ్రీకు పేరు ఒకటి మించొద్దు, పుస్తకం మొత్తానికి పన్నెండు దాటొద్దు. పేరు రాకముందే ఆ మనిషి చేసే పని కనబడాలి. ముసుగు చేతికొచ్చాక మూడు అధ్యాయాలకి ల్యూకోథియా అన్న పేరు తెలిస్తే చాలు, అప్పటిదాకా ఆవిడ తెల్ల గుడ్డ మనిషి. పేరు ఒకసారి ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయండి. జియస్, జ్యూస్ రెండూ కనబడితే ఇద్దరు వేర్వేరు దేవుళ్లనుకుంటారు.

యాస విషయంలో, కథనం మామూలు తెలుగులో చిన్న వాక్యాలతో, మాటలు మాత్రం ఊరి నోటితో. ఇలా:

వల లాగుతుంటే బరువొచ్చింది. చేప బరువు నాకు తెలుసు, చేపయితే గింజుకుంటుంది. ఇది కదలడం లేదు. నన్ను చూస్తోంది.
"ఒలే గుంటా, వల ఒగ్గీ!" తాత అరిచాడు.
"ఏటున్నాది తాతా అందులో?"
"నువ్వు సూడకు. ముందు ఒగ్గీ."

ఇందులో విజయవాడ పిల్లకైనా అర్థం కాని మాట ఏదీ లేదు, 'ఒగ్గీ' ఒక్కటి కొత్తయినా వల దగ్గర అరుస్తున్నాడు కాబట్టి తెలిసిపోతుంది. అదే యాసలో కథనం మొత్తం నడిపితే పాతిక పేజీలకి చదివేవాళ్లు అలిసిపోతారు. నవ్వించే పాత్రకి మాత్రమే యాస పెట్టడం ఇంకా పెద్ద తప్పు. దేవతతో సూటిగా బేరమాడే పిల్ల నోట్లో కూడా అదే భాష ఉండాలి.

జోస్యానికి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన లిడియా రాజు క్రీసస్ కథ చూసుకోండి. యుద్ధానికి వెళ్తే గొప్ప రాజ్యం కూలుతుందని జోస్యం చెప్పే డెల్ఫీ గుడిలో చెప్పారు. వెళ్లాడు, కూలింది తన రాజ్యమే. మంచి జోస్యంలో అబద్ధం ఉండదు, చీకటి మాటలూ ఉండవు. వినగానే ఒక అర్థం తోచాలి, పద్దెనిమిదో అధ్యాయంలో రెండోది తెలియాలి, రెండు అర్థాలకీ అవే పదాలు సరిపోవాలి. మీ కథకి ఉదాహరణగా:

"వల వేసిన చెయ్యి ఒడ్డున ఉంటుంది,
చిక్కిన ప్రాణం ఇల్లు చేరుతుంది."

నాలుగో అధ్యాయంలో ఇది వింటే, తాము ప్రోటియస్‌ని పట్టుకుంటామనీ అతను తప్పించుకుని సముద్రంలోని తన ఇంటికి పోతాడనీ పిల్లలు భయపడతారు. చివర్లో తెలిసేది వేరు. వల వేసిన నాయిక నేల తాకి ముసుగు వదులుకుని ఒడ్డునే ఉండిపోవాలి, దూరాన చిక్కుకున్న తండ్రి ఇంటికొస్తాడు. మొదటి ప్రతిలో జోస్యాన్ని ఖాళీగా వదిలి, ముగింపు రాసి స్థిరపడ్డాక వెనక్కొచ్చి నింపండి. ముందే రాసిపెట్టుకుంటే దానికోసం ముగింపుని వంచాల్సి వస్తుంది.

ప్రతి పూర్తయ్యాక ఐదారుగురు ఏడో తరగతి పిల్లలకి గట్టిగా చదివి వినిపించండి, మీరు వివరణ ఇవ్వకుండా. ఎవరు ఎక్కడ కిటికీ వైపు చూశారో ఆ పేరా పక్కన పెన్సిల్ గీత పెట్టుకోండి. ముగ్గురు ఒకేచోట చూస్తే ఆ పేరా తీసేయాల్సిందే, ఎంత ఇష్టమైనదైనా. ముసుగు షరతు ఏమిటో పదో అధ్యాయం తర్వాత వాళ్లని అడగండి. ఒక్కరైనా తప్పు చెబితే రెండో అధ్యాయంలో ఆవిడ దాన్ని కట్టే ఘట్టం మళ్లీ రాయాలి. ముడి ఎక్కడ, ఎన్ని చుట్లు, విప్పేటప్పుడు ముఖం ఎటు అన్నది వాళ్లు చేతులతో చేసి చూపించగలగాలి.